అడవిలో పలకని పేరు

"ఒంటిగంటకు వ్యాను కదుల్తది భూమన్న సాబ్. అప్పటిదాంక మీరు ఎవలను ఏమడుగుతరో అడగున్రి. ఒంటిగంట దాటినంక వాడు నా ముద్దాయి. సీదా ఆదిలాబాదు కోర్టుకే."

ఇచ్చోడకూ బోథ్‌కూ నడుమ, అడవి మొదలయ్యేచోట ఉన్న డాక్ బంగ్లా అది. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ సాంబయ్య వరండాలో కుర్చీ వేయించుకుని, కాలు మీద కాలు వేసుకుని ఈ మాట అన్నాడు. ఆయన వెనుక స్తంభానికి ఆనుకుని, చేతులకు బేడీలతో కూర్చున్నవాడు పోశం, ఇప్పలగూడెం మనిషి. మెట్ల కింద ఎండలో అతని పెళ్ళాం దుర్గవ్వ కూర్చుని ఉంది. నిన్నటి నుంచి అక్కడే ఉందని, నీళ్ళిచ్చినా ముట్టలేదని జవాను చెప్పాడు. నేరం రుజువైతే పోశానికి ఉరి. ఆ సంగతి ఆమెకు ఎవరూ విడమరచి చెప్పలేదు గాని, ముఖం చూస్తే తెలిసినట్టే ఉంది.

నేను సిరిసిల్లలో మగ్గాల నడుమ పెరిగినవాణ్ణి. పోగు ఎక్కడ తెగిందో కళ్ళతో కాదు, వేళ్ళతో వెతకాలని మా బాపు నేర్పాడు. సి.ఐ.డి.లో చేరాక చేస్తున్నదీ ఆ పనే. హైదరాబాదు నుంచి నన్ను పంపించింది పోశం మీద ప్రేమతో కాదు. చనిపోయిన ప్రొఫెసర్ రామచంద్రం పేరున్న పండితుడు, పై నుంచి ఫోన్లు వచ్చాయి. సాంబయ్యకు నా రాక గిట్టలేదు. ఆ గిట్టకపోవడం దాచుకునే ప్రయత్నం కూడా ఆయన చేయలేదు.

"మీరు మొదట రాసిన పంచనామాలో పులి పంజా దెబ్బ అని రాశారు," అన్నాను.

"ఔ. రాసిన."

"ఒంటి మీద ఒక్క గోటిగీత లేకుండానే?"

"అడవిల జరిగింది, పులి అని ఒర్రింది విన్నోళ్ళున్నరు. ఇంకేం రాస్తరు? దవాఖానల డాక్టరు గొడ్డలి మొద్దువైపు దెబ్బ అన్నడు. గొడ్డలి వీనిది. గప్పుడు మార్చిన. తప్పు దిద్దుకునుడు గుడ తప్పేనా?"

"ఇంకొకసారి దిద్దుకోవలసి వస్తుందేమో."

ఆయన నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. కాని గడియారం ఆయన పక్షాన ఉంది కాబట్టి, మాట పెంచకుండా సారయ్యను పిలిచాను.

సారయ్య డాక్ బంగ్లా చౌకీదారు. మంచిర్యాల నుంచి బతుకుదెరువుకు వచ్చి ఇక్కడ వంట కూడా చేసిపెడుతున్నాడు. శుక్రవారం నాడు ప్రొఫెసరు, ఆయన దగ్గర పనిచేసే పర్శరాములు, దారి చూపడానికి పోశం పొద్దున్నే నల్లవాగుకు వెళ్ళారు. ఎండ ఎక్కాక వాళ్ళకు సద్ది మోసుకుపోతున్నవాడు సారయ్య. అరుపు విన్న సాక్షి అతడొక్కడే.

"ఏం విన్నావు సారయ్యా? ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"వాగు ఇంక జరంత దూరముంది సారూ. పులి, పులి అని ఒర్రిండ్రు. రెండు పార్లు. నా చేతిల సద్దిమూట కిందవడ్డది. చెట్టు ఎనుకకు ఉరికిన."

"ఎవరి గొంతు?"

"గది మాత్రం నన్నడగకున్రి. భయమైనప్పుడు మనిషి గొంతు మనిషి గొంతులెక్క ఉండదు. అడవిల చానా మందే ఉన్నట్టు గుట్ట నుంచి తిరిగి ఇనవడ్డది."

"మళ్ళీ వింటే గుర్తుపడతావా?"

"మళ్ళ గట్ల ఎవలొర్రుతరు సారూ? ప్రాణం మీదికొస్తే తప్ప గసొంటి గొంతు రాదు."

"తర్వాత?"

"పర్శరాములు సారు ఉరుక్కుంట వచ్చిండు. సారు పడిపోయిండు అన్నడు. పోశం ఒర్రిండు, ఇన్నవా అని నన్నడిగిండు. ఇన్న అన్న. ఇద్దరం కలిసి పోతే సారు వాగుల బోర్ల పడి ఉన్నడు. బూట్లు రాయి మీద ఉన్నయి, పక్కపక్కకు పెట్టి. మేజోళ్ళు మడిచి లోపల కుక్కి. గవి సూసి నాకు ఏడుపొచ్చింది. గిప్పుడే తొడుక్కుంటడా అన్నట్టు ఉన్నయి."

బూట్ల సంగతి పంచనామాలో లేదు. నేను సాంబయ్య వైపు చూశాను. ఆయన బీడీ వెలిగించుకుంటున్నాడు.

"పోశం ఎక్కడున్నాడు అప్పుడు?"

"చాన సేపటికి వచ్చిండు సారూ. చేతుల మోదుగాకులు ఉన్నయి, విస్తరాకులు కుట్టేటందుకు. ఏడికి పోయినవ్‌ర అంటే చెట్టెక్కిన అన్నడు."

పోశం తలెత్తలేదు. గొడ్డలి వాగు ఒడ్డున ప్రొఫెసరు దగ్గరే పెట్టి ఆకులకు పోయానని, అరుపు విని చెట్టెక్కానని, అంతకుమించి తనకేమీ తెలియదని నిన్నటి నుంచి ఒకే మాట మీద ఉన్నాడు.

పర్శరాములు లోపలి గదిలో ఉన్నాడు. కరీంనగరు మనిషి, ఎం.ఏ. చదివాడు, ముప్పయ్యేళ్ళ లోపే. బల్ల మీద బ్యాటరీలతో నడిచే టేపు రికార్డరు, పక్కన టేపు చుట్టలు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఏడ్చిన మాట నిజమే. ఏడ్చినంత మాత్రాన మనిషి అమాయకుడని నేను ఎప్పుడో నమ్మడం మానేశాను.

"మీ ప్రొఫెసరుగారి పని ఏమిటో నాకు అర్థమయ్యేట్టు చెప్పండి. నేను మెట్రిక్ దాకానే చదివాను."

అడిగిందే చాలన్నట్టు అతని ముఖం కొంచెం తేరుకుంది.

"సంస్కృతం, గ్రీకు, లాటిన్, పారసీకం, రష్యన్, ఇంగ్లీషు... ఇవన్నీ ఒక తల్లి పిల్లలు సార్. ఆ తల్లి భాష ఎన్నడో చచ్చిపోయింది. ఒక్క అక్షరం రాసి పెట్టినోళ్ళు లేరు. పిల్లల పోలికలు పక్కపక్కన పెట్టి, తల్లి మాట ఎట్లుండేదో లెక్కగట్టి నిలబెడతారు. అట్ల నిలబెట్టిన మాట ముందర నక్షత్రం లాంటి ఒక చుక్క గుర్తు పెడతారు. చుక్క ఉన్నదంటే, ఈ మాటను నోటితో అన్నోణ్ణి చూసినవాడు లేడు, ఇది మన ఊహ అని అర్థం."

"మా పని కూడా ఇంచుమించు అదే. మేము మాత్రం చుక్క పెట్టం. అదే చిక్కు."

అతను నవ్వబోయి మానుకున్నాడు.

"మరి గ్రీకు, లాటిన్ చదివే మనిషికి ఈ అడవిలో ఏం పని?"

"ఎలుగుబంటి సార్."

"ఏమిటీ?"

"సంస్కృతంలో ఋక్షం అంటారు. గ్రీకులో ఆర్క్‌టోస్, లాటిన్‌లో ఉర్సుస్. మూడు ఒక్క తల్లివే. కాని చలిదేశాల అడవుల్లో బతికినోళ్ళ భాషల్లో ఆ మాట లేదు. రష్యావాళ్ళు తేనె తినేది అంటారు. ఇంగ్లీషువాళ్ళు వాళ్ళ భాషలో గోధుమరంగుది అన్నారు. పేరు తీస్తే అది వస్తదని భయం. ముందు అడవిలో అనడం మానేశారు, తర్వాత ఇంట్లో, తర్వాత అసలు పేరే మరిచిపోయారు. భయంతో ఒక పేరు ఎట్ల చచ్చిపోతదో సార్ పుస్తకం రాస్తున్నారు. అట్లాంటివి ఇప్పటికీ ఎక్కడన్న బతికి ఉన్నాయేమో చూడమని నన్ను రెండేళ్ళ కింద ఇక్కడికి పంపించారు."

"ఇప్పలగూడెంలో అట్లాంటిది ఏమన్నా దొరికిందా?"

"లేదు సార్. ఆ ఊళ్ళో అట్లాంటి పట్టింపులేం లేవు. రెండేళ్ళు వాళ్ళతోనే తిరిగిన, ఉంటే నాకు దొరకకపోయేదా? కాని పాటలు మంచివి దొరికినయి."

"ఏదీ, ఒకటి వినిపించండి. బయట అయితే అందరం వింటాం."

పర్శరాములు క్షణం తటపటాయించి, రికార్డరు తెచ్చి వరండాలో పెట్టాడు. చుట్ట తిరిగింది. ముగ్గురో నలుగురో మగవాళ్ళు డప్పు మీద పాడుతున్నారు. వేటకు పోయేముందు రాత్రి అడవిలో నిప్పు చుట్టూ కూర్చుని ఇప్పలగూడెంవాళ్ళు పాడిన పాట అని అతను చెప్పాడు. పులి వచ్చే, పులి వచ్చే, గుట్ట దిగి పులి వచ్చే అని చరణం చరణానికీ తిప్పి తిప్పి అంటున్నారు. పాట బాగానే ఉంది. నా కాలు కూడా తాళం వేసింది.

పోశం తల ఎత్తి పర్శరాములును వింతగా చూశాడు. మెట్ల కింద దుర్గవ్వ లేచి నిలబడింది.

"గిది ఎవల పాట సారూ?" అంది నాతో.

"మీ గూడెందే అంటున్నారు చెల్లే. వేటపాటట. అడవిలో పాడారట."

"మాది గాదు. మావోళ్ళు అడవిల గా పేరు అంటరా? నోట్లె మన్ను పోసుకుంటరా?" పర్శరాములు వైపు వేలు చూపింది. "గీ సారు మా గూడెంకు ఎన్నడు రాలే. సచ్చిపోయిన పెద్దసారే వచ్చిండు. ఎనిమిదొద్దులు మా అరుగు మీదనే పండిండు. మేం తిన్నదే తిన్నడు. గిదే పాట మాకు వినిపిచ్చిండు. మా మామ చెవులు మూసుకొని, గిట్ల అడవిల పాడితే గూడెంల ఒక్కడు మిగలడు అన్నడు. పెద్దసారు ముందుగాల మస్తు సంబురవడ్డడు. గా పేరు అనకుంట మీరేమంటరు అని మళ్ళ మళ్ళ అడిగిండు. పెద్దాయన అంటం అని చెప్పినం. ఊర్ల, కప్పు కింద అయితే పేరు అంటం సారూ. అడవిల అడుగు పెట్టినంక అనం. పేరు పెట్టి పిలిస్తే పిలిచిండ్రని వస్తది. తర్వాత సారు ఆ పాటల డబ్బా ముందల పెట్టుకొని చానసేపు సప్పుడు చెయ్యకుంట కూసున్నడు."

చుట్ట చివర టేపు టపటపా కొట్టుకుంటోంది. పర్శరాములు వంగి మీట నొక్కాడు.

"మొగణ్ణి తప్పించేటందుకు పెండ్లాం ఏమన్న చెప్తది," అన్నాడు సాంబయ్య. "వీడు గుడ ఠాణాల గిదే పిట్టకథ చెప్పిండు. నేను గా మాట అనలే, అడవిల అనం అని. కోర్టుల నిలవడ్తదా గిది? సంపేటోడు ఆచారం సూసుకుంటడా?"

"పోశం ఎందుకు చంపాడంటున్నారు మీరు?"

"డబ్బా. గా డబ్బా గొంతులు ఎత్తుకపోతదని గూడెపోళ్ళకు భయం. మనిషి గొంతు పోతే మనిషి పోయినట్టే అనుకుంటరు."

"అది ఎవరు చెప్పారు?"

"పర్శరాములు సారు. సదువుకున్నోడు, రెండేండ్లు తిరిగినోడు."

"అంటే ఉరి వేయడానికి పనికొచ్చే భయమైతే నమ్ముతారు. ఉరి తప్పించే భయమైతే పిట్టకథ అంటారు. అంతేనా సాంబయ్యగారూ?"

ఆయన ముఖం ఎర్రబడింది. "జర జబాన్ సంభాళించుకోన్రి సాబ్."

"వాగు దగ్గరికి పోదాం. అందరం. పోశం కూడా. మీ ఒంటిగంటకు ఇంకా సమయం ఉంది."

"చూసేదేముంది గాడ? నేను చూసిన."

"బూట్లు చూడలేదు మీరు."

జీపు అడవి అంచుదాకా పోయింది, తర్వాత నడక. ముందు పోశం బేడీలతో, పక్కన తుపాకీ పట్టుకున్న జవాను. వెనుక సాంబయ్య, నేను, పర్శరాములు, చివర సారయ్య. దుర్గవ్వను రావద్దన్నారు. చెట్లలోకి అడుగుపెట్టగానే పోశం నడక మారింది. కాలి కింద ఆకు నలగడం లేదు. మిగతా మా ఐదుగురి అడుగుల చప్పుడు మాత్రం పెళ్ళి ఊరేగింపంత ఉంది.

నల్లవాగు చలికాలంలో సన్నబడి, రాళ్ళ మధ్య మోకాలిలోతు పారుతోంది. అవతలి ఒడ్డున మనిషెత్తు గడ్డి. ఇవతల ఒక బల్లపరుపు రాయి. దాని మీద బూట్లు ఉన్నాయని సారయ్య చెప్పాడు. నేను ఆ రాయి మీద కూర్చుని, బూట్లు విప్పి, మేజోళ్ళు మడిచి లోపల పెట్టి, కాళ్ళు నీళ్ళలో పెట్టాను. చల్లగా, హాయిగా ఉంది. పనిలో ఉండి హాయి పడినందుకు సిగ్గు కూడా వేసింది.

"ప్రొఫెసరు ఇట్లా కూర్చున్నాడు," అన్నాను. "తీరికగా. ఆయన వెనుక, చెయ్యి చాచితే అందేంత దూరంలో పోశం పెట్టిపోయిన గొడ్డలి. మీ కథ ప్రకారం ముందు అరుపు. అందరూ బెదిరి చెల్లాచెదురైతే పోశం వచ్చి కొట్టాడు. మరి ఆ అరుపు విన్న మనిషి పరుగెత్తకుండా, మేజోళ్ళు మడుచుకుంటూ కూర్చుంటాడా? ఆయన చనిపోయాకే అరుపు వచ్చింది. చనిపోయాక, వినేవాడు దారిలో వస్తున్నాడని తెలిసి అరిచారు."

సాంబయ్య గడ్డం గోక్కున్నాడు. ఆ మాట తగిలినట్టే ఉంది. కాని ఓడిపోవడం ఆయన స్వభావంలో లేదు.

"అరుపు తర్వాత అయితేంది? కొట్టినంక వీడే ఒర్రిండు. జంతువు మీదికి తోసేటందుకు."

"ఇప్పలగూడెం మనిషి, ఇక్కడ నిలబడి, ఆ పేరు పెట్టి?"

"మళ్ళ గదే మాట!"

"అరుపు అరిచింది ఆ పేరు అనడానికి భయపడనివాడు. ఇక్కడ ఆ పొద్దున ఉన్నది ముగ్గురే. పోశం అనడు. ప్రొఫెసరు ఎనిమిది రోజులు గూడెంలో ఉండి ఆ సంగతి తెలుసుకున్నవాడు, పైగా బతికిలేడు. ఇక మిగిలింది ఎవరు? ఇప్పలగూడెంలో అట్లాంటి పట్టింపులేం లేవని గంట కింద నాతో అన్నది ఎవరు?"

పర్శరాములు నా వైపు చూడలేదు. నీళ్ళకేసి చూస్తూ, పొడిగా అన్నాడు.

"నేను రికార్డరు మోసుకుంట వెనుకబడిన సార్. నాకు పోశం గొంతే వినిపించింది. మీరు లెక్కగట్టి ఏదో మాట నిలబెడుతున్నారు. దాని ముందు చుక్క పెట్టుకోండి. విన్నవాడు లేడు."

మాట సూటిగా తగిలింది. నిజమే, విన్నవాడు లేడు. విన్న ఒక్కడు గుర్తుపట్టలేనన్నాడు. నా దగ్గర ఉన్నది బూట్ల జత, ఒక ఆడమనిషి మాట, అడవిలో పుట్టిన ఒక భయం. సాంబయ్య జేబు గడియారం తీసి చూసి, మూత చప్పుడయ్యేట్టు మూశాడు.

"అయ్యిందా సాబ్? నడున్రి. వ్యాను ఎదురుచూస్తది."

నేను బూట్లు తొడుక్కుంటూ పోశం వైపు చూశాను. ఆ ముఖం చూడటం కష్టంగా ఉంది. ఈ మనిషి తన గొడ్డలి పరాయివాడి దగ్గర నమ్మి పెట్టి, అతనికి విస్తరాకు కుట్టడానికి ఆకులకు పోయాడు. చేసిన తప్పు అంతే. దానికి ఉరితాడు దాకా తీసుకుపోతున్నాం.

అప్పుడే గుట్ట మీద కొండముచ్చు దగ్గింది. ఒకసారి, ఆగి మరోసారి. తర్వాత అన్నీ ఒకేసారి అందుకున్నాయి. ఎక్కడో పైన నెమలి కెవ్వుమంది. ఆ వెంటనే అంతా నిశ్శబ్దమైపోయింది. వాగు పారుతున్న చప్పుడు మాత్రం మిగిలింది.

పోశం కదలకుండా నిలబడ్డాడు. కళ్ళు అవతలి ఒడ్డు మీది గడ్డిలో ఉన్నాయి. బేడీలు గలగలమనకుండా రెండు చేతులూ పొట్టకు అదుముకుని, పెదవులు కదిలీ కదలకుండా అన్నాడు.

"పెద్దాయన వచ్చిండు. ఎవలు ఉరకకున్రి. కూసోన్రి."

గాలి లేదు. అయినా అవతల గడ్డి ఒకచోట విడిపోయి, మళ్ళీ కలిసింది. తర్వాత కొంచెం ఎడమకు. ఎండలో పసుపు రంగు ఒకటి, దాని మీద నల్లటి చార ఒకటి కనబడి మాయమయ్యాయి. తొడుక్కుంటున్న బూటు వదిలేసి, రాయి దిగి నేల మీద కూర్చున్నాను. నేను పిరికివాణ్ణి కాను, కాని ఆ క్షణంలో మా అవ్వ గుర్తుకువచ్చింది.

"పులి! పులి!"

ఆ కేక నా వెనుక నుంచి వచ్చింది. మనిషి గొంతులా లేదది. పైకి లేచి, మధ్యలో చీలి, గుట్టకు తగిలి తిరిగి వచ్చింది. రెండుసార్లు. పర్శరాములు కళ్ళు బైర్లుకమ్మినట్టు దిక్కు తోచక నిలబడి, ఒక్కసారిగా పరుగందుకున్నాడు. అదీ వాగు వైపుకే.

అందరికంటే ముందు కదిలింది పోశమే. బేడీలు వేసిన రెండు చేతులనూ పర్శరాములు తల మీదుగా వేసి, భుజాల దగ్గర బిగించి, రాళ్ళ మధ్య బోర్లా పడేసి, తాను మీద పడ్డాడు. ఒక అరచెయ్యి అతని నోటి మీద అదిమిపెట్టాడు. తనను ఉరికి పంపించాలని చూస్తున్నవాణ్ణి, తల్లి పిల్లను పొదివినట్టు కప్పేసి పడుకున్నాడు. పరుగెత్తిన మనిషి వెంట అది పడుతుందని అతనికి తెలుసు. జవాను తుపాకీ ఎత్తబోతే పోశం తల అడ్డంగా ఊపాడు. సాంబయ్య చెయ్యి రివాల్వరు మీదికి పోయి అక్కడే ఆగింది.

సారయ్య నా పక్కకు పాకి వచ్చాడు. మాట ఆపుకోలేకపోయాడు.

"సారూ... గిదే గొంతు. శుక్రారం నాడు నేనిన్నది గిదే. గట్లనే నడుమల పలిగింది. దేవుని మీద ఒట్టు. గిదే గొంతు."

సాంబయ్య విన్నాడు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. అప్పటిదాకా ఆ ముఖంలో లేని సందేహం వచ్చి చేరింది.

అవతల గడ్డి కదలడం ఆగిపోయింది. చాలాసేపు నేలకు అతుక్కునే ఉన్నాం. పోశం అరచెయ్యి కింద పర్శరాములు ఏదో గొణుగుతున్నాడు. పోశం చెయ్యి కొంచెం సడలించాడు. నేను పాకుతూ వెళ్ళి చెవి దగ్గర పెట్టాను.

"ఒక్కనాడు గూడెంకు పోలే సార్ నేను," అన్నాడు, ఏడుపు నడుమ. "అడవంటే భయం. ఇచ్చోడ అంగడిల డప్పోళ్ళకు పైసలిచ్చి పాడిపిచ్చిన. పాటలు నేనే కట్టిన. రెండేండ్లు. సార్ నమ్మిండు. నమ్మి పుస్తకంల పెట్టిండు. మొన్న గీ రాయి మీద కూసొని, బూట్లిప్పుకుంట, కోపం గుడ చెయ్యలే. నవ్వుకుంట అన్నడు... నువ్వు పంపిన ప్రతి పాట ముందు చుక్క పెడతా పర్శరాములూ, నీ పేరు ముందు గుడ పెడతా, గూడెంలో ఎవరూ చూడని మనిషివి గద అన్నడు. గొడ్డలి గక్కడనే ఉంది సార్. గక్కడ లేకుంటె..."

నాకు అతని మీద జాలి కలిగింది. అది కలగకూడదని నన్ను నేనే తిట్టుకున్నాను, అయినా కలిగింది.

సాంబయ్య చేతుల మీద, మోకాళ్ళ మీద పాకుతూ మా దగ్గరికి వచ్చాడు. ఖాకీ నిండా బురద. నన్ను చూడలేదు. నడుము పటకా నుంచి తాళంచెవి తీసి, రంధ్రం రెండుమూడు సార్లు తప్పి, పోశం బేడీలు విప్పాడు. అవి మెల్లగా, చప్పుడు కాకుండా, పర్శరాములు చేతులకు మారాయి. పోశం మణికట్లు రుద్దుకోలేదు కూడా. అతని చూపు ఇంకా గడ్డి మీదే ఉంది.

సాంబయ్య అతని చెవి దగ్గరికి వంగాడు. ఠాణాలో పిట్టకథ అని నవ్వినవాడు, అరగంట కింద ఈ ఒడ్డు మీదే నా మాటను కొట్టిపారేసినవాడు, గొంతు తగ్గించి, చుట్టూ చూసుకుని, ఆ పేరు నాలుక మీదికి రానివ్వకుండా అడిగాడు.

"పోశం... పెద్దాయన పోయిండా?"

పోశం అవతలి గడ్డిని ఇంకొకసారి ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. తర్వాత మా వెనుక, మేము నడిచివచ్చిన దారి వైపు మెల్లగా తల తిప్పాడు.

"పోలే," అన్నాడు. "ఇటు దిక్కు వచ్చిండు."